తల, పొట్టు, నరం

పిన్ని ప్రభువునందు నిద్రించిందని ఫోన్లో మెసేజీ వచ్చేసరికి నేను మా కంపెనీ క్యాంటీన్లో ఒకమ్మాయి ఫిర్యాదు వింటున్నాను. ఆ పిల్ల కొత్తగా చేరింది. సూపర్‌వైజరు మీద కోపంతో ఊగిపోతోంది. వాడి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, వాడి మీసం మీదుగా, వాళ్ళావిడ నగల దాకా వచ్చింది. నేను మెసేజీ చదివి ఫోను బల్లమీద బోర్లా పెట్టాను. ఏడవాల్సింది పోయి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ముందు తల గిల్లెయ్యమ్మా," అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయి చూసింది. మాది బందరు నుంచి బంటుమిల్లి వెళ్ళే దారిలో ఉన్న రొయ్యల కంపెనీ. చెరువుల్లోంచి వచ్చిన రొయ్యని మేం ఒలిచి, కడిగి ఇస్తే, గడ్డకట్టించి పెట్టెల్లో పెట్టి ఓడలెక్కిస్తారు. తల గిల్లడం ఆ పిల్లకి తెలియని పనేం కాదు. మాటలకి కూడా తల గిల్లుతారని తెలియదు, అంతే. ఒకప్పుడు నాకూ తెలియదు. నేర్పిన మనిషి ఆ పొద్దున్న దివిసీమలో తన తమ్ముడింట్లో కన్నుమూసింది.

ఆవిడకి పేరు లేకపోలేదు. హాజరు వేసేటప్పుడు పిలిచేవాళ్ళు. ఆ ఒక్క పిలుపు తప్పిస్తే రోజంతా పిన్నే. మాకు పిన్ని, మా కూతుళ్ళకి పిన్ని, బస్సు డ్రైవరుకి పిన్ని. మా మేనేజరుగారు ఆవిడ కన్నా వయసులో పెద్దవాడు. ఆయన కూడా "పిన్నిగారూ, ఒకసారి వస్తారా" అనేవాడు. "ఈయనకి పిన్నినైతే నేనింక మంచంలో ఉండాలి," అని ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళేది.

పిన్ని మా యూనియన్లో ఫిర్యాదులు చూసేది. యూనియన్ అంటే జెండా, మైకు అనుకునేవాళ్ళకి ఆ పని కంటికి ఆనదు. మైకు పని మా ప్రెసిడెంటుగారిది. ఆయనకి మంచి గొంతు ఉంది, దాని సంగతి ఆయనకీ తెలుసు. పిన్నిది క్యాంటీన్లో మూల బల్ల. మధ్యాహ్నం గంట కొట్టగానే అక్కడ కూర్చుని క్యారేజీ విప్పేది. ఎండు చేపల పులుసు వాసన హాలంతా వచ్చేది. ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్ళు ముందు అన్నం తినాలి. అది ఆవిడ పెట్టిన రూలు. "తినకుండా చెప్తే అందులో ఆకలిదెంతో, అన్యాయానిదెంతో నాకు తెలీదే," అనేది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు కూడా ముక్కు చీదుకుంటూ నాలుగు ముద్దలు తినాల్సిందే.

తిన్నాక అసలు పని. అప్పుడు అనేది, తల గిల్లెయ్, పొట్టు ఒలిచెయ్, నరం లాగెయ్ అని.

తల అంటే తిట్లు. ముందు అవి తీసి పక్కన పడెయ్యాలి. పొట్టు అంటే పాత కథలు. పోయిన వేసవిలో వాడేమన్నాడు, దానికి నేనేమన్నాను, మా ఆడపడుచు పెళ్ళికి సెలవు ఇవ్వలేదు. ఇవి ఒలిచేసరికి కొందరి చేతిలో ఏమీ మిగిలేది కాదు. వాళ్ళకి పిన్ని టీ ఇప్పించి, "ఇది కష్టమే, కాదన్ను. ఫిర్యాదు మాత్రం కాదు. కష్టమైతే ప్రార్థన చేద్దాం, ఫిర్యాదైతే రాద్దాం," అనేది. ఏది ఫిర్యాదు అని నేనొకసారి అడిగాను. "వాళ్ళు మనకిచ్చిన మాట తప్పితే ఫిర్యాదు. మన మనసు నొచ్చుకుంటే కష్టం," అంది. ఒప్పందంలో ఏం రాసుందో ఆవిడకి కంఠతా రాదు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివి, అర్థం కానిచోట ప్రెసిడెంటుగారినే అడిగేది.

ఇక నరం. రొయ్య వీపులో నల్లగా, సన్నగా ఉంటుందే, అది. పిన్ని భాషలో నరమంటే మన తప్పు. ప్రతి ఫిర్యాదులోనూ ఫిర్యాదు చేసేవాళ్ళ తప్పు ఎంతో కొంత ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆలస్యంగా వచ్చామా, ఎదురు మాట్లాడామా, టోపీ లేకుండా లోపలికి వెళ్ళామా. అది ముందే బయట పెట్టాలనేది. "అది మనం తీస్తే పని. వాళ్ళు తీస్తే మన పరువు," అనేది. ఈ ఒక్కచోటే అందరికీ ఆవిడంటే చిర్రెత్తుకొచ్చేది. నాకైతే ఎన్నిసార్లు వచ్చిందో! న్యాయం అడగడానికి వచ్చినదాన్ని పట్టుకుని నీ తప్పేంటంటుందేమిటీవిడ అనిపించేది.

నా అక్షరం గుండ్రంగా ఉంటుందని కాగితం నాచేత రాయించేది. "ఎప్పుడూ" అనే మాట రాస్తే ఊరుకునేది కాదు. సువార్త అని ఐసు దగ్గర పనిచేసే మనిషి ఉండేది. "ఎప్పుడూ నన్నే ఐసు దగ్గర నిలబెడతాడు పిన్నీ," అని వచ్చింది.

"ఎప్పుడూ అంటే ఎప్పుడమ్మా?"

"ఎప్పుడూనే!"

"నిన్న?"

"నిన్న కాదులే."

"మొన్న?"

అలా వెనక్కి నడిపించుకుంటూ వెళ్తే తేలిందేమిటంటే, ఆదివారం ఆరాధనకని సెలవు పెట్టిన ప్రతిసారీ సోమవారం ఐసు దగ్గర వేస్తున్నారు. ఆదివారం సెలవు ఒప్పందంలో ఉంది. అప్పుడది ఫిర్యాదైంది. ఆ సంగతి సువార్తకే అప్పటిదాకా తెలియదు. చివర్న పిన్ని అందరినీ అడిగినట్టే అడిగింది, "ఇంతకీ నీకేం కావాలి?" అని.

"వాడికి బుద్ధి రావాలి."

"బుద్ధి కంపెనీ స్టోరులో ఉండదే. ఇంకేదైనా అడుగు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మాలో చాలామందికి ఏడవడం వచ్చు గానీ అడగడం రాదు. ఆ మూల బల్ల దగ్గరే నేర్చుకున్నాం.

ఇదంతా బాగానే ఉంది. ఆవిడ్ని నేను ఇన్నాళ్ళూ మనసులో మోయడానికి కారణం మాత్రం వేరే ఉంది. అది నాగమణి తాడు సంగతి.

మా హాల్లోకి వెళ్ళాలంటే గాజులు, ఉంగరాలు, పూలు, అన్నీ గేటు దగ్గర తీసి డబ్బాలో పెట్టాలి. తాళి మాత్రం తీయనక్కర్లేదు. ప్లాస్టిక్కు కాగితం చుట్టుకుని జాకెట్టు లోపలికి దోపుకోవాలి. ఆ వీలు పిన్నే, చాలా ఏళ్ళ క్రితం, ఒప్పందంలో రాయించింది. ఆవిడకి భర్త లేడు, మెళ్ళో ఏమీ ఉండదు. అయినా మా అందరి మెడల కోసం కొట్లాడింది.

ఒకరోజు తనిఖీలో ఒక రొయ్యల గడ్డలో పసుపు దారం ముక్క దొరికింది. చిన్నది, ముడితో సహా. దాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చి మా బల్లల మధ్య తిప్పి చూపించారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పెళ్ళైనవాళ్ళందరం మెడలు తడుముకున్నాం. ఆ గడ్డ మా బల్ల మీద, పిన్నీ నేనూ మరికొందరం కలిసి ఒలిచిన సరుకే. మా బల్లకి పసుపు తాడున్నది నాగమణి ఒక్కతే. గుడివాడ దగ్గర పల్లెటూరు పిల్ల, కొత్తగా పెళ్ళై బంటుమిల్లి కాపురానికొచ్చింది. మిగతావాళ్ళవి గొలుసులు.

తాడు చూపించమన్నారు. పచ్చగా, కొత్తగా నిగనిగలాడుతోంది. ఆ శుక్రవారమే మార్చుకుంది. పాతదేదీ అంటే కాలవలో వదిలేశానంది. మన ఇళ్ళల్లో పాత తాడు పారే నీళ్ళల్లోనే కదా వదులుతాం. అది వాళ్ళకి సాక్ష్యం దాచడంలా కనపడింది. దొరికిన వాళ్ళే దొంగలు. మర్నాడే నాగమణిని పనిలోకి రావద్దన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, ఇకనుంచి ఎవరి తాళైనా సరే గేటు దగ్గర తీసి రావాల్సిందేనని.

నాగమణి భర్త చెరువుల కాపలా మనిషి. ఇంటి పొయ్యి ఆ పిల్ల పనిమీదే వెలుగుతోంది. పనిలోకి రావద్దన్న ఆ మధ్యాహ్నం మూల బల్ల దగ్గర కూర్చుంది గానీ అన్నం ముట్టుకోలేదు. పిన్ని కూడా తినమని బలవంతపెట్టలేదు. అది నాకు వింతగా అనిపించింది.

"నరం ఏమైనా ఉందా నాగమణీ?" అని నేనే అడిగాను, అలవాటుగా.

"ఉందక్కా. ఆ రోజు ప్లాస్టిక్కు చుట్టుకోలేదు. హడావిడిలో మర్చిపోయా," అని వెక్కిళ్ళు పెట్టింది.

పిన్ని కుడిచెయ్యి కొంగులో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. "రేపు రాద్దాం," అంది. మర్నాడు కూడా రేపే అంది. ఫిర్యాదు ఇవ్వడానికి ఒప్పందంలో గడువుంటుంది, అది దాటితే ఎంత న్యాయమైనా వినరు. ఆ సంగతి ఊరందరికీ చెప్పే మనిషి తనే మర్చిపోయినట్టుంది. మేం ఆవిడ వెనక గొణుక్కున్నాం. హిందువుల తాడు గొడవ మనకెందుకనుకుందేమో అని కూడా ఎవరో అన్నారు. నేను వాళ్ళమీద కేకలేశాను గానీ లోపల నాకూ బెంగగానే ఉంది.

గడువు అయిపోయే రోజున నన్ను పిలిచి రాయించింది. చాలా చిన్న కాగితం. దారం నాగమణిది కాదు, ఆమెని పనిలోకి తీసుకోవాలి, తాళి విషయంలో ఒప్పందం మార్చకూడదు, దారం ఎవరిదో విచారణలో చెబుతాం. అంతే.

"ఎవరిది పిన్నీ?"

"చెబుతామని రాశాంగా."

సోమవారం విచారణ. మేనేజరుగారి గదిలో ఆయన, తనిఖీ చూసే ఆయన, మా ప్రెసిడెంటుగారు, నాగమణి, పిన్ని, నేను. ప్రెసిడెంటుగారు రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టారు. తాళి అన్నారు, తెలుగింటి ఆడపడుచు అన్నారు, ఐదోతనం అన్నారు. మంచి జోరు మీద ఉండగా పిన్ని ఆయన మోచెయ్యి తట్టింది.

"బావగారూ, కాసేపు ఆగండి. ముందు నరం తీస్తాను."

లేచి నిలబడి కుడిచేతి జాకెట్టు మడత పైకి జరిపింది. మణికట్టు పొంగిన రొట్టెలా వాచి ఉంది. దానిమీద రెండు మూడు చుట్లు తిరిగిన పసుపు దారం, చివర తెగిపోయి.

మేనేజరుగారికి అదేమిటో అర్థం కాలేదు. మాకు అర్థమైంది. కృత్తివెన్ను వైపు ఒకాయన ఉండేవాడు, బెణుకులకీ వాపులకీ మంత్రించి దారం కట్టేవాడు. ఆయన దగ్గరికి అందరూ వెళ్తారు. పిన్ని వెళ్ళకూడదు. ఆవిడ వాళ్ళ చర్చి సంఘంలో స్త్రీల ప్రార్థన కూడికకి పెద్ద. మంత్రాలూ తాయెత్తులూ తప్పని కొత్తవాళ్ళకి చెప్పే మనిషి.

"ఈ దారం నాది సార్," అంది. "చెయ్యి నొప్పి ఓర్చుకోలేక కట్టించుకున్నా. సంఘంలో కనపడకూడదని పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నా. ఇక్కడ గ్లౌజు కింద దాచుకున్నా. గ్లౌజు చిరుగుంది, తెగిన ముక్క అందులోంచి జారిపోయింది."

మేనేజరుగారు కాసేపు ఆ చేతి వంకే చూశారు. "మీకెప్పుడు తెలిసిందండీ?" అన్నారు.

"పళ్ళెంలో చూపించిన రోజే."

"మరి ఇన్నాళ్ళూ?"

"భయమేసింది సార్."

మేనేజరుగారు చెడ్డవాడు కాదు. తలొంచుకుని కాగితాలు సర్దుకున్నారు. నాగమణిని మర్నాటి నుంచి రమ్మన్నారు, పోయిన రోజులకి హాజరు కూడా వేశారు. తాళి ఒప్పందం అలాగే ఉంది. పిన్నిని కొన్నాళ్ళు పనిలోంచి ఆపారు. ఆ తర్వాతి ఆదివారమే ఆవిడ సంఘంలో కూడా లేచి నిలబడి ఇదే చెప్పిందట. కూడిక పెద్దరికం వేరే ఆవిడకిచ్చారు. ఆ తర్వాత వెనక చాప మీద కూర్చునేది.

తిరిగి పనిలోకొచ్చిన రోజు మధ్యాహ్నం మూల బల్ల దగ్గరికి వచ్చి, అలవాటైన కుర్చీలో కాకుండా ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆ సరికి ఫిర్యాదుల పని నామీద పెట్టారు.

"నాకో ఫిర్యాదుంది," అంది.

"ముందు అన్నం తిను పిన్నీ," అన్నాను. ఎలా అనగలిగానో నాకే తెలియదు. ఆవిడ కళ్ళు మెరిశాయి. తింది.

ఐసు నీళ్ళలో ఏళ్ళ తరబడి చేతులు పెట్టడం వల్ల మణికట్లు పోతున్నాయనీ, చిరిగిన గ్లౌజులు మార్చడం లేదనీ చెప్పింది. గ్లౌజులు మారుస్తామని ఒప్పందంలో ఉంది. తల లేదు, పొట్టు లేదు. నరం సంగతి అందరికీ తెలిసిందే. "ఇంతకీ నీకేం కావాలి?" అని అడిగేసరికి మాత్రం ఆగిపోయింది. అన్నేళ్ళు ఆ ప్రశ్న ఊరందరినీ అడిగిన మనిషికి తనకేం కావాలో చెప్పడం రాలేదు. చాలాసేపు చేతులు చూసుకుంది.

"వేణ్ణీళ్ళు," అంది చివరికి. "మధ్య మధ్య చేతులు పెట్టుకోడానికి."

ఇప్పుడు మా హాలు చివర వేణ్ణీళ్ళ తొట్టి ఉంది. కొత్తగా వచ్చే పిల్లలు అది కంపెనీ కట్టినప్పటినుంచీ ఉందనుకుంటారు. నేను పనిగట్టుకుని అందరికీ చెబుతాను, వాళ్ళకి విసుగొచ్చినా సరే.

పిన్ని పోయాక పెట్టిన ఆదరణ కూడికకి, అదే సంతాప ప్రార్థనకి, నేనూ నాగమణీ బందరులో బస్సెక్కి, చల్లపల్లి మీదుగా దివిసీమ వెళ్ళాం. నాగమణికి ఇప్పుడు బడికెళ్ళే కూతురుంది, మెళ్ళో గొలుసుంది. పిన్ని తమ్ముడింటి ముందు షామియానా వేశారు, మా కంపెనీ వాళ్ళు కొందరు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పాస్టరుగారు బాగా మాట్లాడారు. మా ప్రెసిడెంటుగారు పెద్దవాడైపోయారు, అయినా గొంతు తగ్గలేదు. త్యాగమూర్తి అన్నారు, నిప్పులాంటి మనిషి అన్నారు, జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదన్నారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, కానీ వాళ్ళు చెప్తున్న మనిషి నాకెక్కడా కనపడలేదు.

ఇంకెవరైనా మాట్లాడతారా అన్నారు పాస్టరుగారు. నాగమణి లేచింది. ఆ మనిషి నలుగురిలో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. మైకు పుచ్చుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"మంచి అంతా మీరు చెప్పేశారండీ. నేను నరం తీసి కూర్చుంటాను," అంది.

మా కంపెనీ వాళ్ళం పది మందిమి ఒక్కసారి తలెత్తాం.

"పిన్ని వల్ల నా ఉద్యోగం పోయింది. తన దారమని తెలిసి కూడా నన్ను ఇంట్లో కూర్చోనిచ్చింది. నేను తిండి మానేశాను. మా అత్తగారు నన్ను అనరాని మాటలంది. ఆ రోజులన్నీ పిన్నికి తెలుసు."

షామియానా కింద గుసగుసలు లేచాయి. పిన్ని తమ్ముడు కుర్చీలోంచి లేవబోయాడు. పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"విచారణకి ముందు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చిందండీ. ఎండలో, బంటుమిల్లి బస్టాండు నుంచి నడిచి. వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని, చెయ్యి చూపించింది. అంతా చెప్పింది. అప్పుడంది, 'తిట్టవే. తల, పొట్టు, నరం, అన్నీ ఉంచి తిట్టు. ఇవాళ ఏదీ తీయొద్దు,' అని."

నాగమణి ఈ సంగతి ఇన్నేళ్ళలో నాకు కూడా చెప్పలేదు.

"తిట్టానండీ. నా నోటికి ఎంతొస్తే అంతా తిట్టాను. ముండమోపి అన్నాను. నీ దేవుడెక్కడ అన్నాను. తలొంచుకుని వింది. ఒక్క మాట ఆపమనలేదు. నాకే మాటలైపోయాయి. అప్పుడు 'అంతేనా?' అంది. 'అంతే,' అన్నాను. మంచినీళ్ళు అడిగి తాగింది. చెంబు నా చేతికిచ్చి, 'అయితే మంగళారం నుంచి డ్యూటీ. ప్లాస్టిక్కు చుట్టుకురావడం మర్చిపోకు,' అని వెళ్ళిపోయింది."

అంతవరకూ చెప్పి నాగమణి వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగులో ముఖం దాచుకుని అప్పుడు ఏడ్చింది.